ముగ్గురన్నదమ్ముల కొట్టు



నా చిన్నతనంలో మా ఊరి బజారులో ఒక షరాబు కొట్టు ఉండేది. కొట్టు అనగానే అద్దాల గోడలూ, చల్లగాలి యంత్రాలూ ఊహించుకోకండి. నేల మీద తెల్లటి పరుపు, దాని మీద బాలీసుకి ఆనుకుని ఒక పెద్దాయన, ఆయన ముందు అద్దాల పెట్టెలో చిన్న త్రాసు, పక్కనే ఇత్తడి గిన్నెలో గురిగింజలు. అంతే. మా అమ్మ గాజులు మార్పించడానికి వెళ్ళినప్పుడల్లా నా కన్ను ఆ గిన్నె మీదే ఉండేది. నేను చెయ్యి చాపగానే ఆయన గిన్నె వెనక్కి జరిపేసేవాడు. "ఆటకి కాదు నాన్నా, అవి తూకాలు" అనేవాడు.

ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ కొట్టు పంచుకున్నారు. మధ్యలో గోడ లేచింది. రెండు కొట్లలోనూ పెద్దాయన ఫొటో, అదే ఫొటో, పొద్దున్నే రెండింటికీ దండలు. బోర్డు మీద పేరు కూడా ఒకటే. పెద్దకొడుకు తన బోర్డు కింద 'అసలు పాత కొట్టు ఇదే' అని రాయించాడు. ఆర్నెల్లు తిరక్కుండానే చిన్నవాడి బోర్డు కిందా అదే మాట కనిపించింది.

ఈ మధ్య లోకమంతా పేరు మోసిన ఒక నగల దుకాణం కథ చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ నా కళ్ళముందు ఆ రెండు ఫొటోలే.

దుకాణం పేరు కార్టియర్. ఫ్రెంచివాళ్ళు చివరి అక్షరం మింగేసి కార్తియే అంటారు. మనం మనలాగే అందాం.

1847లో పారిస్‌లో మొదలైందది. లూయీ ఫ్రాన్స్వా కార్టియర్ అనే 28 ఏళ్ళ కుర్రాడు, తనకి పని నేర్పిన గురువు పికార్ గారి కార్ఖానానే తన చేతికి తీసుకున్నాడు. ఉన్న చోటు మోంతోర్గేయి వీధి. కూరగాయలూ మాంసమూ అమ్మే పెద్ద అంగడికి కూతవేటు దూరం. రాణులు దిగే వీధి కాదు. పైగా కొట్టు చేతికొచ్చిన మరుసటి ఏడాదే పారిస్‌లో విప్లవం వచ్చి, రాజు దేశం విడిచి పారిపోయాడు. నగల వ్యాపారికి అంతకన్నా గడ్డు ముహూర్తం ఇంకేముంటుంది?

కానీ ఆ కుర్రాడు నిలదొక్కుకున్నాడు. మొదట్లో అతను అమ్మినవన్నీ తన చేతి పనులు కావు. ఊళ్ళోని మంచి కార్ఖానాల్లో నగలు ఏరి కొని, తన కొట్లో పెట్టి అమ్మేవాడు. అంటే పనితనం కన్నా ముందు అతనికున్నది కన్ను. ఏది బాగుంటుందో, ఎవరికి బాగుంటుందో పట్టేయగల కన్ను. 1856లో మొదటి నెపోలియన్ తమ్ముడి కూతురు మతిల్ద్ రాకుమారి అతని దగ్గర సరుకు కొన్నది. ఒక రాకుమారి వచ్చిన కొట్టుకి ఇంకో రాకుమారి రాకుండా ఉంటుందా? ఆనక యూజెనీ మహారాణి దాకా వెళ్ళింది బేరం. 1859కి కొట్టు పెద్దబజారుకి, బులెవార్ దెజితాలియెన్‌కి మారింది. 1874లో కొడుకు ఆల్ఫ్రెడ్ పెత్తనం తీసుకున్నాడు. ఆల్ఫ్రెడ్ గురించి పుస్తకాల్లో పెద్దగా రాయరు. రెండోతరం వాళ్ళ రాతే అంత. మొదలుపెట్టిన తాతకి పేరు, రెక్కలు విప్పిన మనవళ్ళకి పేరు, మధ్యలో ఉన్నదాన్ని ఊడిపోకుండా పట్టుకు కూర్చున్న తండ్రికి మాత్రం ఏమీ ఉండదు.

అయితే ఆ తండ్రి చేసిన పెద్ద పని ఒకటుంది. సంబంధాలు కలపడం.

అప్పట్లో పారిస్‌లో ధనవంతుల ఆడవాళ్ళకి బట్టలు కుట్టే వర్త్ వారి ఇల్లు మహా పేరున్నది. 1898లో ఆల్ఫ్రెడ్ తన పెద్దకొడుకు లూయీకి వర్త్ వారి ఇంటి పిల్లని చేశాడు. కూతురు సూజాన్‌ని ఆ వర్త్ కుటుంబంలోని కుర్రాడికే ఇచ్చాడు. మన పల్లెల్లో అయితే ఇంచుమించు కుండమార్పు అనేవాళ్ళం. మరుసటి ఏడాదే కార్టియర్ కొట్టు వర్త్ వారున్న వీధికే, రూ ద్ ల పే అనే వీధిలో 13వ నంబరుకి మారింది. ఇక చూసుకోండి, అక్కడ గౌను కొలతలిచ్చిన అమ్మ ఇక్కడ దాని మీదకి హారం చూసుకుని ఇంటికెళ్తుంది. పాపం లూయీకి ఆ పెళ్ళి ఏమాత్రం ఇష్టం లేదు, పదేళ్ళు దాటాక విడిపోయారు కూడా. కానీ కొట్టు మాత్రం ఆ వీధి వదల్లేదు.

ఇక మనవళ్ళు. లూయీ, పియేర్, జాక్. ముగ్గురన్నదమ్ములు. చిన్నప్పుడే ప్రపంచ పటం ముందేసుకుని, పెన్సిలుతో గీతలు గీసి లోకాన్ని పంచుకున్నారని ఆ ఇంట్లో చెప్పుకునే కథ. పారిస్ పెద్దవాడికి, అమెరికా నడిమివాడికి, లండనూ దానితోపాటు బ్రిటిష్‌వాళ్ళు ఏలే దేశాలన్నీ చిన్నవాడికి. పెద్దయ్యాక అలాగే చేశారు. 1902లో లండన్ కొట్టు, 1909లో న్యూయార్క్ కొట్టు. మా ఊరి అన్నదమ్ములకీ వీళ్ళకీ తేడా ఎక్కడో ఇక్కడే ఉందనుకుంటాను. మా వాళ్ళు పంచుకుని గోడ కట్టుకున్నారు. వీళ్ళు పంచుకుని మధ్యలో సముద్రం పెట్టుకున్నారు, కానీ వారం వారం ఓడల మీద ఉత్తరాలు నడిపారు. రాళ్ళు ఒక కొట్టు నించి ఇంకో కొట్టుకి వెళ్ళేవి. పారిస్‌లో అమ్ముడుపోని సరుకు న్యూయార్క్‌లో పోయేది. లూయీకి ఊహ ఎక్కువ, పియేర్‌కి వ్యాపారం ఒంటబట్టింది, జాక్‌కి రాళ్ళంటే ప్రాణం. ముగ్గురి తెలివీ ఒక తలలో ఉంటే ఏమయ్యేదో గానీ, మూడు తలల్లో ఉండబట్టే నడిచింది.

పెద్దవాడు లూయీ గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. బ్రెజిల్ నించి వచ్చిన సాంతోస్ ద్యూమోన్ అనే విమాన సాహసి అతని స్నేహితుడు. రెండు చేతులూ విమానం నడపడంలో ఉంటే జేబులోంచి గడియారం తీసి చూడటం ఎలాగని అతని గొడవ. 1904లో లూయీ అతనికి మణికట్టుకి కట్టుకునే గడియారం చేయించి ఇచ్చాడు. మగవాళ్ళు చేతికి గడియారం పెట్టుకుంటే ఆడంగితనంగా చూసే రోజులవి.

చిన్నవాడు జాక్ 1911లో మన దేశానికి వచ్చాడు. ఆ డిసెంబరులో ఢిల్లీలో ఐదో జార్జి చక్రవర్తి దర్బారు జరిగింది కదా, రాజులూ నవాబులూ అందరూ ఒక్కచోటే దొరుకుతారని లెక్క. పారిస్ మోజులో ఉన్న నగలు పెట్టెలనిండా తెచ్చుకున్నాడు. తీరా వచ్చి చూస్తే ఇక్కడి లెక్క వేరు. వాళ్ళ ఊళ్ళో నగలంటే ఆడవాళ్ళ సరుకు. ఇక్కడ మహారాజులే మెడనిండా ముత్యాలు, తలపాగాకి పచ్చలు. వాళ్ళకి కొత్తగా రాళ్ళు అక్కర్లేదు. తాతల నాటి రాళ్ళు ఖజానాలో మూలుగుతున్నాయి. వాటిని పారిస్ తరహాలో కొత్తగా పొదిగి ఇచ్చేవాడు కావాలి. అమ్ముదామని వచ్చిన జాక్, పని ఒప్పుకుని వెళ్ళాడు. పోతూ పోతూ ఇక్కడ ఆకుల్లా, పువ్వుల్లా చెక్కిన పచ్చలూ కెంపులూ నీలాలూ కొనుక్కెళ్ళాడు. 1920లలో పారిస్ ఆడవాళ్ళ చేతుల మీద ఆ రంగుల కలగలుపు విరగబూసింది. కార్టియర్ వారి ఆ నగలని తర్వాత తర్వాత 'టుట్టి ఫ్రుట్టి' అన్నారు. ఐస్‌క్రీము పేరు పెట్టారని నవ్వుకోవచ్చు, కానీ ఇవాళ వేలంలో ఒక్కో ముక్క ధర వింటే నవ్వు ఆగిపోతుంది.

పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ చేయించిన హారం 1928లో పూర్తయింది. 2,930 వజ్రాలు. నడుమ 234 కేరట్లకి పైబడ్డ పసుపుపచ్చ రాయి. 1948 తర్వాత ఆ హారం కనబడకుండా పోయింది. యాభై ఏళ్ళకి, 1998లో, లండన్‌లో పాత నగలు అమ్మే ఒక కొట్లో దాని గొలుసు మాత్రం దొరికింది, పెద్ద రాళ్ళన్నీ ఊడిపోయి. కార్టియర్ వాళ్ళే దాన్ని కొని, పోయినవాటి స్థానంలో కృత్రిమ రాళ్ళు పొదిగించి మళ్ళీ నిలబెట్టారు. కేరట్ అన్నాను కదా. ఆ మాట కేరబ్ అనే చెట్టు గింజ నించి వచ్చింది. మధ్యధరా తీరంలో రత్నాల వర్తకులకి అదే గురిగింజ. ఆఖరికి 1907లో దాన్ని 200 మిల్లీగ్రాములుగా స్థిరపరచడం మొదలుపెట్టారు. మా ఊరి పెద్దాయన గిన్నె వెనక్కి జరిపినదానికి ఇంత వంశవృక్షం ఉంది.

ఇప్పుడు నడిమివాడు పియేర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ మన మట్టి వాసన తగులుతుంది.

కృష్ణ ఒడ్డున, పల్నాడులో, కొల్లూరు అనే ఊరు. పదిహేడో శతాబ్దంలో తవెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడి వజ్రాల గని చూసి, 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోయడం. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. తవెర్నియే మన దేశం నించి ఒక నీలి వజ్రం పట్టుకెళ్ళి, 1668లో పద్నాలుగో లూయీ రాజుకి అమ్మాడు. అది కొల్లూరు గనిదేనని రత్నాల సంగతి తెలిసినవాళ్ళు నమ్ముతారు. దాన్ని సానపట్టించి రాజు పెట్టుకున్నాడు. ఫ్రెంచి విప్లవంలో 1792లో దొంగలెత్తుకుపోయారు. తర్వాత ఇంగ్లండులో చిన్నదై, వేరే కోతతో తేలింది. హోప్ అనే ధనవంతుడి చేతిలో ఉండటంతో హోప్ వజ్రమన్నారు. 45 కేరట్ల చిల్లర. 1910 నాటికి అది కార్టియర్ల చేతికొచ్చింది.

పియేర్ దాన్ని అమ్మిన తీరు చూడండి. ఎవలిన్ వాల్ష్ మెక్లీన్ అని ఒక అమెరికా ఆవిడ. తండ్రికి బంగారు గని, మొగుడి వాళ్ళకి వాషింగ్టన్ పోస్ట్ పత్రిక. అంతకుముందే ఆవిడ పెళ్ళైన కొత్తలో 1908లో కార్టియర్ దగ్గర 'తూర్పు నక్షత్రం' అనే వజ్రం కొన్నది. ఖాతాదారు రుచి తెలిసిన షరాబు ఇక ఊరుకుంటాడా? 1910లో ఆవిడ పారిస్ వచ్చినప్పుడు పియేర్ హోటలుకి వెళ్ళాడు. చేతిలో లక్కముద్రలు వేసిన పొట్లం. వెంటనే విప్పలేదు. ముందు కథ చెప్పాడు. ఆ రాయి ఎవరెవరి ప్రాణం తీసిందో, ఏ రాణి తల తెగిందో, తవెర్నియే ఏ గతి పట్టాడో. అందులో సగం కట్టుకథ. తవెర్నియేని కుక్కలు పీక్కుతిన్నాయని చెప్పుకునేవారు. నిజానికి ఆయన ఎనభై దాటాక రష్యాలో పోయాడు. కానీ ఎవలిన్‌కి ఒక తిక్క ఉంది. లోకానికి అరిష్టమైనవి తనకి కలిసొస్తాయని ఆవిడ నమ్మకం. ఆ సంగతి పియేర్‌కి తెలుసు. అందుకే భయపెట్టి మరీ ఆశపెట్టాడు.

అయినా ఆవిడ వద్దంది. పొదిగిన తీరు నచ్చలేదంది. సరేనని పియేర్ దాన్ని విప్పించి, చుట్టూ తెల్ల వజ్రాలతో కొత్తగా పొదిగించి, అమెరికా పట్టుకెళ్ళి, శని ఆదివారాలు మీ దగ్గరే ఉంచుకోండమ్మా అని ఇచ్చేసి వచ్చాడు. చీరల కొట్టు నించి నగల కొట్టు దాకా మన బజారులో ఎవరికీ నేర్పక్కర్లేని ఎత్తు ఇది. ఇంటికి తీసుకెళ్ళండమ్మా, నచ్చకపోతే తెచ్చెయ్యండి, అంటారా లేదా? ఇంటికి వెళ్ళిన సరుకు తిరిగి రాదని అమ్మేవాడికి తెలుసు. గంటల తరబడి ఆ రాయి తనకేసి చూస్తూ ఉందనీ, ఆ రాత్రి ఏదో వేళ తనకి నిజంగానే కావాలనిపించిందనీ ఎవలిన్ తర్వాత రాసుకుంది.

1911 జనవరిలో 1,80,000 డాలర్లకి బేరం కుదిరింది. ఒప్పందంలో ఒక షరతు రాయించారు: ఆరు నెలల్లోగా ఆ కుటుంబంలో ఎవరికైనా ప్రాణహాని జరిగితే రాయి మార్చి అంతే విలువగల వేరే నగలు ఇవ్వాలని. కథ చెప్పి అమ్మినవాడు ఆ కథకి గ్యారంటీ ఇచ్చుకోవలసి వచ్చిందన్నమాట! ఆ తర్వాత డబ్బు రాలేదు. పియేర్ కోర్టుకెక్కాడు. చివరికి రాజీ అయింది. బేరంలో మిగిలిందేమీ లేదంటారు గానీ, అమెరికా పత్రికలన్నీ నెలల తరబడి కార్టియర్ పేరు అచ్చేశాయి.

ఇంకో బేరం కూడా చెప్పాలి. 1917లో న్యూయార్క్ ఐదో అవెన్యూలో మోర్టన్ ప్లాంట్ అనే ఆయనకి ఒక మేడ ఉండేది. ఆయన చిన్నవయసు భార్య పియేర్ కొట్లో రెండు పేటల ముత్యాల హారం చూసి మనసు పారేసుకుంది. ఖరీదు పది లక్షల డాలర్లు. మీ మేడ ఇవ్వండి, హారమూ పైన వంద డాలర్లూ ఇస్తానన్నాడు పియేర్. ఇచ్చేశారు! ఈనాటికీ కార్టియర్ కొట్టు ఆ మేడలోనే ఉంది. మరి హారం? జపాను వాళ్ళు ముత్యపు చిప్పల్ని పెంచి ముత్యాలు పండించడం నేర్చాక సహజ ముత్యం ధర కుప్పకూలింది. ఆవిడ పోయాక 1957లో ఆ హారాన్ని వేలం వేస్తే 1,51,000 డాలర్లు పలికింది. బంగారమైతే కరిగించుకోవచ్చు అని మా అమ్మ ఎప్పుడూ అనేది, ముత్యాల మాట ఎత్తితే.

అన్నదమ్ముల కాలం 1940లతో అయిపోయింది. యుద్ధం జరుగుతుండగానే 1941లో జాక్, 1942లో లూయీ పోయారు. చిన్నవాడు ఫ్రాన్సులో, పెద్దవాడు న్యూయార్క్‌లో. పియేర్ ఒక్కడే 1964 దాకా బతికాడు. యుద్ధం అయ్యాక కూడా కొట్లు నడిచాయి. 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళికి మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక పంపాలనుకుని, లండన్ కార్టియర్ కొట్టుకి కబురు పెట్టాడు. పిల్ల వచ్చి తనకి నచ్చింది తనే ఏరుకోవాలని. ఆవిడ ఒక తలనగా, ఒక వజ్రాల హారమూ ఎంచుకుంది. తలనగని 1973లో విప్పించేసి వేరేది చేయించుకుంది. హారం మాత్రం అలాగే ఉంది. 2014లో మనవడి భార్య కేట్ మెడలో కనబడింది. లండన్‌లో దాన్ని 'నిజామ్ ఆఫ్ హైదరాబాద్ నెక్లెస్' అనే పిలుస్తారు.

నాలుగోతరం దగ్గర కథ మా ఊరి బజారుకి వచ్చింది. మూడు కొట్లు ముగ్గురి పిల్లలకి. పారిస్ ఒకరికి, న్యూయార్క్ ఒకరికి, లండన్ ఒకరికి. వీళ్ళు పినతండ్రి, పెదతండ్రి బిడ్డలు. తండ్రులకున్నట్టు ఒక్క ఇంట్లో ఒక్క పొయ్యి మీద తిన్న జ్ఞాపకం వీళ్ళకి లేదు. ఉత్తరాలు పలచబడ్డాయి. లూయీ కొడుకు 1962లో న్యూయార్క్ కొట్టు బయటివాళ్ళకి అమ్మేశాడు. పియేర్ పోయాక ఆయన కూతురు పారిస్ వదులుకుంది. ఒకే బోర్డు, ఒకే సంతకం, ముగ్గురు యజమానులు, వాళ్ళలో ఇద్దరు ఆ పేరుకి ఏమీ కానివాళ్ళు. ఆ మాటకొస్తే మా ఊళ్ళో రెండు కొట్లలోనూ కనీసం ఫొటో అయినా ఒకరిదే.

ఆఖరిదాకా పట్టుకుని కూర్చున్నవాడు జాక్ కొడుకు జాన్ జాక్. లండన్ కొట్టు. తండ్రిలాగే రాళ్ళంటే, బొమ్మ గీయడమంటే ఇష్టమున్న మనిషి. 1974లో ఆయనా అమ్మేశాడు. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళు. మూడు కొట్లూ తర్వాత మళ్ళీ ఒకే కంపెనీ కిందికి చేరాయి, బాగానే నడుస్తున్నాయి. కాని ఆ కంపెనీ కార్టియర్ కుటుంబానిది కాదు.

జాన్ జాక్ ఫ్రాన్సు దక్షిణాన ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. 2009లో ఆయనకి 90 నిండాయి. ఇంటిల్లిపాదీ చేరారు. భోజనాలకి ముందు మనవరాలు ఫ్రాన్సెస్కా షాంపేన్ సీసా తేవడానికి నేలమాళిగలోకి దిగింది. వెతుకుతుంటే మూలన దుమ్ము పట్టిన పాత ట్రంకుపెట్టె కంటబడింది. మూత తీస్తే నగలు కాదు, నాణేలు కాదు. రంగు వెలిసిన రిబ్బన్లతో కట్టిన ఉత్తరాల కట్టలు, వందలకొద్దీ. తాతల నాటివి, ముత్తాతల నాటివి. ఎప్పుడో పోయాయనుకున్నాడు ఆ పెద్దాయన వాటిని.

మనవరాలు వాటిని ముందేసుకుని తాత పక్కన కూర్చుంది. ఇది ఎవరు రాశారు తాతా, ఈ పేరు ఎవరిది, అని ఆమె అడగడం, ఆయన చెప్పడం. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. పదేళ్ళు పట్టింది ఆమెకి పుస్తకం రాయడానికి, 2019లో వచ్చింది. నేను చదివింది అదే.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఆ షరాబు కొట్టుకి వెళ్ళాను. పెద్దకొడుకు వైపు ఇప్పుడు మనవడు కూర్చుంటున్నాడు. పరుపు లేదు, గాజు బల్ల, ఎలక్ట్రానిక్ కాటా, హాల్‌మార్కు సర్టిఫికెట్లు. మీ తాత గురిగింజల గిన్నె ఏమైంది అని అడిగాను. తెలీదన్నాడు. కాసేపాగి, "బాబాయి వాళ్ళ దగ్గరుందేమో" అన్నాడు. గోడ అవతలే ఆ కొట్టు. అతను వెళ్ళి అడగలేదు, నేనూ అడగమనలేదు.